మెరిసిన గుల్లలు

విత్తనం పడి యాభై ఎనిమిదో రోజు

చింతపండు అయిపోయింది. కుండ అడుగున గోరుతో గీకితే వచ్చిన పీచుతో ఈ రోజు ముప్పై గుల్లలు తోమాను. ఇంకా మూడువందల ఎనభై మిగిలాయి.

నిరుడు, మా పంట కోసుకుపోయే కోతమారి యంత్రాల మీద కాల్చిన తూటాల ఖాళీ గుల్లలివి. గట్ల మీద, గుంటల్లో పడ్డవాటిని ఒక్కటి వదలకుండా ఏరి తెచ్చి నా ఇంట్లో పోస్తారు. మసి, చిలుము వదిలించి, పగుళ్ళు లేవని చూసి దస్తగిరికి ఇవ్వడం నా పని. మందు కూరి సీసం గుండు బిగించడం అతని పని. కొత్త ఇత్తడి ఎక్కడైనా పోస్తున్నారని ఈ ఎర్రగట్టు మీద ఎవరూ వినలేదు. ఒక గుల్ల పోతే పోయినట్టే. అందుకే ప్రతిదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి చూస్తాను. మంచిది సన్నగా మోగుతుంది. పగిలింది ‘టక్’ మని ఊరుకుంటుంది.

మేకల్ని తోలుకొచ్చిన సుంకులమ్మ గడపలో నిలబడి చూసింది.

“ఏమత్తా, ఇంగా అయిపోలేదా? నా మాట కన్నా వాటి మాటే శానా వింటావు నువ్వు.”

“అవి అబద్ధం చెప్పవు కదమ్మా.”

“నేను చెప్తానా? సరే, ఇయ్యాల సంగటి నేనే కెలికినాననుకో. అబద్ధమో నిజమో నువ్వే చెప్పు,” అంటూ పొయ్యి దగ్గరికి పోయింది. పొయ్యి ఇంకా అంటించలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

సుంకులమ్మ నా కోడలు. నాలుగేళ్ళ కిందట నా కొడుకు ఈరన్న జొన్నచేలో కోతమారికి అడ్డం పోయాడు. తిరిగి రాలేదు. అతని తుపాకీ ఎవరికిద్దామని మా ఊరి పెద్ద మద్దిలేటి అడిగినప్పుడు, జనం మధ్యలోంచి ఆమే లేచి వెళ్ళి తీసుకుంది. పుట్టింటికి పోతావా అని నేను అడగలేదు. ఆమె పోలేదు. అప్పటినుంచి ఇంట్లో ఇద్దరమే.

అరవయ్యో రోజు

మేకల కొట్టం కాలువ చివర కుండ పెట్టి మూత్రం పడతాం, చేలో చల్లడానికి. నిన్న నా ఒళ్ళోంచి జారిన గుల్ల ఒకటి అందులో పడినట్టుంది. ఈ రోజు ముంత ముంచితే చేతికి తగిలింది. తీసి నీళ్ళతో కడిగితే నా కళ్ళను నేను నమ్మలేకపోయాను. లోపలా బయటా కొత్త ఇత్తడి. నేను పూటంతా రుద్దినా అంత మెరుపు రాదు.

పులిసిన మూత్రం ఒక తొట్టిలో పోసి ఇరవై గుల్లలు వేశాను. చిలుమంతా కరిగి నీళ్ళు నెమలి మెడ రంగుకు తిరిగాయి. చాలాసేపు ఆ నీలాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇంత అందమైన రంగు చూసి ఎన్నేళ్ళయిందో.

అరవై మూడో రోజు

నెల పట్టే పని మూడు రోజుల్లో తీరింది. గుల్లలన్నీ మంచం మీద ఎండబోస్తే ఊరు ఊరంతా వచ్చి చూసింది. మద్దిలేటి ఒకటి తీసి ఎండకు పట్టి చూశాడు.

“నాంచారక్కా, ఇవి మన గుల్లలేనా? పెండ్లికూతుళ్ళ మాదిరి ఉండాయే.”

ఉప్పు మోసే ఆయన చిన్నబోడు వైపు పోతున్నాడని తెలిసి సుంకులమ్మ పరుగెత్తింది. చిన్నబోడు ఆమె పుట్టిల్లు. ఒకటిన్నర రోజు నడక. ఆమె అన్న గిడ్డయ్య అక్కడ తుపాకీ పడతాడు.

“మా యన్న చింతపండుకని కొండలన్నీ తిరుగుతాంటాడు. ఇట్ల చేస్తే సాలని చెప్పు. మా యత్త కనిపెట్టిందని చెప్పు, మరిసిపోవద్దు,” అని ఉప్పాయనతో రెండుసార్లు చెప్పించుకుంది.

నాకు సిగ్గేసింది. సంతోషమూ వేసింది. ఈ వయసులో నాకంటూ ఒక పేరు వచ్చిందనుకున్నాను.

డెబ్బై ఒకటో రోజు

గుల్లల మీద దుమ్ము తుడుస్తుంటే ఒకటి మోగలేదు. మెడ దగ్గర వెంట్రుకంత గీత. ఎండబోసిన రోజు అది మోగింది, నాకు బాగా గుర్తు. మళ్ళీ అన్నీ చూశాను. తొమ్మిది మోగలేదు.

డెబ్బై తొమ్మిదో రోజు

మోగనివి అరవై నాలుగయ్యాయి. ఎవరూ కాల్చలేదు, కింద వేయలేదు, తొక్కలేదు. మంచం కింద పెట్టెలో ఊరికే ఉన్నవి ఉన్నట్టే పగులుతున్నాయి.

దస్తగిరి వచ్చి చూశాడు. “ముసిలి ఇత్తడి నాంచారక్కా. ఎన్నిసార్లు కాల్చినాము వీటిని. మనుసులకు మాదిరే వాటికీ ఒక దినం వస్తాది,” అన్నాడు.

పగిలినవి పారేయవద్దని, కరిగించి బిందెకు మాటు వేసుకుందామని సుంకులమ్మ మూట కట్టి పెట్టింది. మూట కడుతూ, “నీ తప్పేముందత్తా, ముకం అట్ల పెట్టుకున్యావే,” అంది.

ఎనభై ఆరో రోజు

జొన్న పాలు పోసుకుని గట్టిపడుతోంది. మైదానంలో రెండు కోతమారులు తిరుగుతున్నాయని కొండ కొమ్మున కాపలా ఉన్నవాళ్ళు అద్దం మెరిపించి తెలిపారు. మా తాతల కాలంలో పొలాలు కోయడానికి ఎవరో చేయించిన యంత్రాలవి. చేయించినవాళ్ళు పోయారు, అవి ఉన్నాయి. ఎండ తాగి నడుస్తాయి. గింజ గట్టిపడ్డ సంగతి వాటికి ఎట్లా తెలుస్తుందో, ఆ వారానికి సరిగ్గా వస్తాయి. కోసిందంతా మోసుకుపోయి ఎప్పుడో కూలిన గోదాముల ముందు కుమ్మరిస్తాయి. అక్కడ అది కుళ్ళిపోతుంది. ముందున్న గాజు కన్ను పగిలితేనే నిలబడతాయి. ఆ కన్ను పిడికిలంత ఉంటుంది.

మద్దిలేటి ఇంటికి వచ్చాడు. “ఎన్ని ఇస్తావక్కా?”

“నూట నలభై పోయినాయి. రెండువందల డెబ్బై ఉండాయి.”

“ఎనిమిది గుంటలు, గుంటకొక తుపాకీ. మనిసికి ముప్పై అన్నా ల్యాకుంటే ఈ యేడు మనకు తిండి ల్యా. ఉన్నవన్నీ ఇయ్యి.”

ఇచ్చాను. అన్నీ కొట్టి చూశాను. అన్నీ మోగాయి.

తొంభై మూడో రోజు

కోతమారులు పొద్దున్నే వచ్చాయి. రెండూ నిలబడిపోయాయి. పంట దక్కింది.

సుంకులమ్మకు దెబ్బ తగిలింది.

తొంభై నాలుగో రోజు

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు ఆమె పడుకుంది. జరిగింది మద్దిలేటి చెప్పినట్టు రాస్తున్నాను.

మద్దిలేటి గుంట, సుంకులమ్మ గుంట పక్కపక్కనే. రెండో కోతమారి అతని వైపే నేరుగా వస్తోంది. అతని తూటాలు రెండు తుపాకీలో దిగలేదు. మెడ పగిలి ఉబ్బాయి. ఆమె పాక్కుంటూ అతని గుంటలోకి వచ్చింది.

“మామా, నాయి నున్నగా దిగుతాండాయి. ఇవి తీస్కో, నీకే దగ్గరుంది అది. నీయి నాకియ్యి, నేను ఏరుకుని కాలుస్తా,” అని తన తూటాల పట్టీ విప్పి అతని ఒళ్ళో వేసి, అతనిది తీసుకుని పోయింది.

అతను ఆమె తూటాలతోనే కోతమారి కన్ను పగలగొట్టాడు. అదే సమయానికి పక్క గుంటలో శబ్దం తేడాగా వచ్చింది. గుల్ల అడుగు తెగి, మందు వెనక్కి తన్నింది. ఇత్తడి ముక్కలు ఆమె ముఖంలో దిగాయి.

ఉప్పు నీళ్ళతో కడిగాను. పదకొండు ముక్కలు తీశాను. ఒక్కొక్కటీ బంగారంలా మెరుస్తోంది. కుడి కన్ను లేదు. ఎడమ కన్ను ఉంది, కానీ దీపం దగ్గరగా తెచ్చినా ఆమెకు తెలియలేదు.

తొంభై ఐదో రోజు

ఎనభై ఆరో రోజు రాతలో ఒక మాట రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు గుల్లలు కొట్టి చూస్తున్నప్పుడు, చింతపండుతో తోమిన ముప్పై ఒక డబ్బాలో విడిగా ఉన్నాయి. పగిలిన నూట నలభైలో ఆ డబ్బాలోది ఒక్కటి కూడా లేదు. అవీ అంతే ముసలివి, అన్నిసార్లే కాల్చినవి. డబ్బా మూత పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చిలుమును తిన్న నీళ్ళు ఇత్తడిని కూడా తింటాయా అన్న ఆలోచన నా మనసులోకి వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

కానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే తూటాలు లేవు, పంట లేదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, నాకొచ్చిన ఆ కాస్త పేరు పోతుందని. ఇంకోటి కూడా చేశాను. ఆ ముప్పై గుల్లల్నీ వేరే గుడ్డలో కట్టి, విడిగా మందు కూరమని దస్తగిరికి ఇచ్చాను. పట్టీలు నింపేది నేనే కాబట్టి, ఆ ముప్పై తూటాలూ సుంకులమ్మ పట్టీలో పెట్టాను. తక్కిన ఏడుగురికి నీలినీళ్ళవి పెట్టాను.

ఆమె తన పట్టీ తీసి పక్కవాడికి ఇస్తుందని నాకు తోచలేదు. నాలుగేళ్ళు ఒకే కంచంలో తిన్నాను ఆమెతో. తోచి ఉండాల్సింది.

పొద్దున దస్తగిరి వచ్చినప్పుడు అంతా చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు.

“నాకు తెల్సు, నీకు తెల్సు. ముసిలి ఇత్తడి అన్నాము, అట్లనే ఉండనీ అక్కా. చెప్తే ఆ పాపకు కండ్లొస్తాయా?”

ఆమెకు రావు. కానీ చిన్నబోడులో గిడ్డయ్య కూడా నా మాట విని గుల్లల్ని ఆ నీళ్ళలోనే కడిగి ఉంటాడు. వాళ్ళ పంట మా కన్నా పది రోజులు వెనక. అటువైపు తిరిగే వేరే కోతమారులు అక్కడికి ఇంకా పోలేదు. కొండ మీంచి మెరిపించే అద్దానికి నీళ్ళు, చావు, కోతమారి అని మూడే మాటలు వచ్చు. కాల్చవద్దు అన్న మాట దానికి రాదు. మనిషే పోవాలి. పోయి చెబితే సుంకులమ్మకు ఎట్లాగూ తెలుస్తుంది. వేరేవాళ్ళ నోట తెలియడం కన్నా నా నోటే తెలియాలనుకున్నాను.

ఆమె మంచం పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పాను. కుండలో పడ్డ గుల్ల, నీలి రంగు, మోగని పెట్టె, మోగిన డబ్బా, అన్నీ. ఆమె కట్లు కట్టిన ముఖం పైకప్పు వైపే ఉంది.

“మంచివి నా పట్టీలోనే పెట్టినావా?”

“పెట్టినాను.”

“అందరి పట్టీల్లో కాదు.”

“కాదు.”

బయట మేకలు అరుస్తున్నాయి, ఎవరూ తోలుకుపోలేదు.

“ఒక్క మాట నా చెవిలో ఏసింటే సాలు కదత్తా,” అంది. తర్వాత నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. “మా యన్న. ఇంగా ఈడే కూసోనుండావా? పో. ముందు పో.”

మద్దిలేటి భార్యను ఆమె దగ్గర కూర్చోబెట్టి, మద్దిలేటికి దారిలోనే నిలబడి సంగతి చెప్పి బయల్దేరాను.

తొంభై ఏడో రోజు, చిన్నబోడు

మోకాళ్ళు వాచాయి. దారిలో రెండుచోట్ల కూర్చున్నాను, అంతే. చేరేసరికి మధ్యాహ్నమైంది. గిడ్డయ్య చావడి అరుగు మీద పట్టీలు పరిచి తూటాలు దూరుస్తున్నాడు. నన్ను చూసి నవ్వుతూ లేచాడు.

“రాండి రాండి అత్తా. మీ నీళ్ళ పుణ్యాన ఈ యేడు మాకు చింతపండు బాధ ల్యా.”

నీళ్ళు కూడా తాగకుండా చెప్పాను. అవి కాల్చవద్దు, ఒక్కటి కూడా. అందరూ చుట్టూ చేరారు. గిడ్డయ్య మందు కూరని గుల్లలు తెప్పించి, నేను చూపినట్టు ఒక్కొక్కటీ గోటితో కొట్టాడు. మూడింట ఒకటి మోగలేదు. మోగినవీ నమ్మవద్దన్నాను. “ఆమె కాల్చినవీ మోగినాయి,” అన్నాను.

నోరు జారిందని నాకు అప్పుడు తెలిసింది. గిడ్డయ్య చేతిలో గుల్ల అట్లాగే ఉంది.

“ఎవరివి మోగినాయి? ఇది మీకెట్ల తెల్సింది అత్తా?”

చెప్పాను. అందరి ముందూ చెప్పాను. నేను పట్టీలు నింపిన తీరు కూడా చెప్పాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పెద్దవాళ్ళు అక్కడే కూర్చుని మాట్లాడుకున్నారు. గింజ గట్టిపడకముందే పచ్చిగా కోసేస్తే కోతమారులు రావు, పంట సగమే దక్కుతుంది, దక్కిన సగం చప్పగా ఉంటుంది. అట్లాగే చేద్దామన్నారు. ఒక ముసలామె నాకు ముంతతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. “పచ్చిజొన్న తిని బతుకుతాంలే తల్లీ. మా పిల్లోల్ల కండ్లు మాకుండాయి,” అంది. మంచి మనసుతోనే అంది. మజ్జిగ ముంత అరుగు మీద పెట్టేశాను.

గిడ్డయ్య లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో కర్ర, భుజాన దుప్పటి ఉన్నాయి.

“పొద్దున్నే పోదాం,” అన్నాడు. అత్తా అనలేదు.

తొంభై తొమ్మిదో రోజు

ఇల్లు చేరాం. అన్న గొంతు వినగానే సుంకులమ్మ మంచం మీంచి చేతులు చాచింది. దెబ్బ తగిలాక నేను చూడగా మొదటిసారి ఏడ్చింది. అతను ఆమె తల పొట్టకు అదుముకుని, “నేను బాగుండానమ్మా, బాగుండా,” అని అదే మాట అంటూ ఉన్నాడు. నేను బయటికి వచ్చి మేకలకు నీళ్ళు పెట్టాను.

మద్దిలేటి కొట్టం గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను తిట్టడానికి వచ్చానని చెప్పాడు. “ఏడుగురి పట్టీలు అక్కా. నాది కూడా,” అన్నాడు. చేత్తో రెండు కళ్ళూ మూసుకున్నాడు, ఉన్నాయో లేవో చూసుకుంటున్నట్టు. తర్వాత మేకల్ని విప్పి తనే తోలుకుపోయాడు.

నూటొకటో రోజు

నా పనిని దస్తగిరి కూతురికి ఇచ్చారు. నేనే ఇవ్వమన్నాను. ఆమెకు కొట్టి వినడం నేర్పాను. చింతపండు నీళ్ళు తప్ప వేరేవి ముట్టవద్దని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఈ పుస్తకంలోని మాటలే మరో కాగితం మీద రాసి ఉప్పాయనకు ఇచ్చాను, ప్రతి కొండ మీదా చదివి వినిపించమని. కింద నా పేరు పెట్టాను.

సుంకులమ్మ రేపు పుట్టింటికి పోతుంది. ఎవరూ నాకు చెప్పలేదు. గిడ్డయ్య ఆమె చీరలు మూట కడుతుంటే తెలిసింది.

పొయ్యి ముందు కూర్చుని ఉన్నప్పుడు ఆమే గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

“కోపం ల్యాదత్తా నీ మింద,” అంది. “ఉందేమోనని వెతికినా. ల్యా. నువ్వు నడిసిపోయి మా యన్నను కాపాడినావు. అది కూడా తెల్సు.”

“అయితే ఉండమ్మా. నేను చూసుకుంటా. నా కండ్లతో...”

“అదే వద్దంటాండ.” వేళ్ళతో నేల మీద ఏదో వెతికింది. “పొద్దున నీ గొంతు ఇంటే సాలు, ఆ దినం మళ్ళా మొదులవుతాంది. మళ్ళా పట్టీ ఇప్పుతా, మళ్ళా మామకిస్తా, మళ్ళా కాలుస్తా. రోజూ అంతే. నువ్వు ఏం మాట్లాడినా అంతే. సంగటి తిందువు రా అన్యా అంతే. నీ గొంతు ఇనకుండా ఉంటే అన్నా తగ్గుతాదేమో అని.”

“తగ్గినాక వస్తావా?”

“అడగొద్దు అత్తా.”

అడగలేదు.

నూట రెండో రోజు

పొద్దు పొడవకముందే సంగటి చేసి, ఆకులో కట్టి, మాట్లాడకుండా గిడ్డయ్య చేతికి ఇచ్చాను. అతను తీసుకున్నాడు. వీధిలో వాళ్ళంతా సుంకులమ్మతో మాట్లాడి పంపారు. నేను వెనక నడిచాను. నా అడుగుల చప్పుడు ఆమె గుర్తుపట్టే ఉంటుంది.

కొండ దిగే చోట గిడ్డయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “మెట్టు... ఇంకో మెట్టు...” అంటూ మెల్లగా దించుతున్నాడు. ఈ దారి అతనికి అలవాటు లేదు. వంపు దాటాక ఒక రాయి ఊగుతుంది. ఎడమ పక్కకు కాలు వేయాలి. ఈరన్న, ఆమె, నేను ఎన్ని వందలసార్లు దాటి ఉంటామో దాన్ని. పైనుంచి నాకు స్పష్టంగా కనబడుతోంది. ఆమె కుడి పక్కనే ఉంది.

మాట నోటిదాకా వచ్చింది. చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను.

రాయి ఊగింది. ఆమె ముందుకు తూలి, అన్న భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. నిలదొక్కుకుని వెంటనే కదల్లేదు. కట్లు కట్టిన ముఖం పైకి తిప్పి, ఎవరో ఏదో చెబుతారేమో అన్నట్టు కాసేపు వింది.

నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

తర్వాత ఆమె కాలి బొటనవేలితో రాయి అంచు వెతికి పట్టుకుని, దాన్ని దాటి దిగిపోయింది.